ఈలాయన పుట్టినరోజు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. రేడియో స్టేషన్లో మాత్రం గేటు దగ్గర కాపలా మనిషి నుంచి డైరెక్టరు గారి దాకా అందరికీ ఆమె కార్డులమ్మే. కింది అంతస్తులో వరండా చివర ఉన్న రికార్డుల గది ముప్పై నాలుగేళ్లుగా ఆమె చేతిలో ఉంది. ఆమె చూస్తుండగా అందులో ఈగ వాలడానికి కూడా లేదు. రికార్డు కావాలంటే గుమ్మం బయటే నిలబడి అడగాలి, చేతులు తుడుచుకుని పుచ్చుకోవాలి. కొత్తగా చేరిన అనౌన్సరొకాయన టీ కప్పుతో లోపలికి అడుగుపెట్టి, ఆమె చేత అక్షింతలు వేయించుకుని, బదిలీ అయ్యేదాకా మళ్లీ ఆ వరండా తొక్కలేదు.

అలాంటి మనిషి ముప్పై ఒక్క అబద్ధాలు రాసి డ్రాయర్లో దాచుకుందంటే ఎవరూ నమ్మరు. కానీ రాసింది. దొంగబుద్ధితో రాయలేదని మాత్రం ముందే చెప్పాలి. చెప్పకపోతే నాకే మనసొప్పదు.

పొద్దున ఏడింటి వార్తలకు ముందు ఐదు నిమిషాల ఖాళీ ఉండేది. ఆ ఐదు నిమిషాల్లో ఏ రోజుకారోజు పుట్టినరోజున్న సంగీతం మనిషిని తలుచుకుని, ఆయన పాట ముక్క ఒకటి వేద్దామన్నది డైరెక్టరు గారి ఆలోచన. ఆయన మనసులో ఉన్నది పెద్ద పెద్ద గాయకులు. కార్డులమ్మ దానికి అడ్డం తిరిగింది.

"పెద్దవాళ్లని తలుచుకోవడానికి పేపర్లున్నాయి సార్. వీళ్లకి మనం తప్ప ఎవరున్నారు?"

"వీళ్లంటే ఎవరమ్మా?"

"వాయించేవాళ్లు. కోరస్ పాడేవాళ్లు. పల్లవికీ చరణానికీ మధ్య పది సెకన్లు మాండొలిన్ వాయించి వెళ్లిపోయేవాళ్లు."

"వాళ్లెవరో వినేవాళ్లకి తెలీదు కదా."

"పేరు తెలీదు సార్. ఆ పది సెకన్లూ వేసి చూడండి, మొహాన సబ్బుతో ఉన్నవాడు కూడా బయటికొచ్చి వింటాడు."

డైరెక్టరు గారు నవ్వి సరేనన్నారు. ఆమె అన్నది నిజమే అయింది. ఉత్తరాలు వచ్చాయి. ఫలానా పాటలో ఆ మౌతార్గాన్ ఎవరిదో తెలియక నలభై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నామనీ, ఇప్పటికి ప్రాణం కుదుటపడిందనీ రాశారు. కార్డులమ్మ ఆ ఉత్తరాలన్నీ చదివి, బయటికి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండేది. లోపల ఆమె కడుపు నిండిపోయేది.

చిక్కల్లా తారీఖుల దగ్గర వచ్చింది. ఆ రోజుల్లో వాద్యం వాయించేవాళ్లు తలుపు దగ్గర రిజిస్టరులో సంతకం గీకి లోపలికి వెళ్లేవారు, పని అయ్యాక వచ్చిన దారినే పోయేవారు. పుట్టిన రోజు ఎవరడిగారు? కొందరికి తమకే తెలియదు. కొందరు పోయి చాలాకాలమైంది, అడగడానికి పిల్లాజెల్లా కూడా లేరు. వాళ్ల కార్డులు ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేసుకుని డ్రాయరు వెనక పడి ఉండేవి. మూడు వందల అరవై ఆరు అరలున్న ఆ డ్రాయర్లోనేమో అరవైకి పైగా అరలు ఖాళీ. ఆ రోజుల్లో ఏదో ఒక వాద్య సంగీతం పెట్టి నెట్టుకొచ్చేవారు. ఒక పక్క రోజు లేని మనుషులు, ఇంకో పక్క మనుషులు లేని రోజులు. ఏళ్ల తరబడి వాటిని అలాగే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఒక మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని రబ్బరు బ్యాండు విప్పింది. ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క ఖాళీ తారీఖు రాసి అరల్లో వేసింది. అది తాను వేసిన తారీఖని తనకు గుర్తుండడానికి పైమూల పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

మొదట్లో గుండె పీచుపీచుమనేది. తర్వాత ఒక క్లారినెట్ తాతగారు ఫోను చేశాడు. బతికే ఉన్నాడని ఆమెకు తెలియదు.

"నా పుట్టినరోజు మా అమ్మకే గుర్తు లేదు తల్లీ, మీకెలా దొరికింది?"

కార్డులమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"పోన్లే, చలికాలంలో పడింది. బాగుంది. ఉంచుకుంటా" అన్నాడాయన. అప్పటి నుంచి ఏటా ఆ రోజున కొత్త చొక్కా తొడుక్కుంటున్నాడని మనవరాలు రాసింది. దాంతో కార్డులమ్మకు ధైర్యం వచ్చింది. తప్పు చేసినవాళ్లకు అలా కొంచెం ధైర్యం రావడమే కొంప ముంచుతుంది.

ఆ ధైర్యంతో పెట్టిన ముప్పై ఒకటో చుక్క ఈలాయనది.

పదిహేడు పాటల్లో ఆ ఈల వినిపిస్తుంది. ప్రతి రికార్డింగు రిజిస్టరులోనూ "ఈల – ఒకరు" అని రాసి ఉంటుంది, అంతే. పేరు లేదు. సంతకం చోట కోడి గీకినట్టు ఒక గీత. రిటైరైన పాత సౌండు ఇంజనీరును పట్టుకుని అడిగితే ఆయనకు ఒక్క సంగతే గుర్తుంది. బక్కపల్చటి మనిషి. ఎవరైనా చూస్తుంటే నవ్వొచ్చేసి ఈల వచ్చేది కాదట. అందుకని గోడ వైపు తిరిగి, మైకు గోడకు దగ్గరగా పెట్టించుకుని వేసేవాడట. కార్డులమ్మ ఆ మాటే కార్డు మీద రాసి, ఫిబ్రవరి పంతొమ్మిది అరలో వేసింది. ఆ ఫిబ్రవరి పంతొమ్మిదిన అనౌన్సరు దాన్ని చదివింది, ఈల ముక్క ఒకటి వేసింది, వార్తలు మొదలయ్యాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం రికార్డుల గది గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. వేళ్ల సందుల్లో టైలరు సుద్ద, మెడలో వేసుకున్న కొలత టేపు తీయడం మర్చిపోయినట్టుంది. ఆ ఈలాయన మా నాన్న అంది. పేరు చెప్పింది. కార్డులమ్మ సంబరంగా పెన్ను తీసి కార్డు మీద ఆ పేరు రాసుకుంది. ఇన్నేళ్లకు ఆ ఖాళీ నిండింది కదా అని ఆమె సంతోషం.

"మేడమ్, ఆ తారీఖు మీకెవరు చెప్పారు?" అని అడిగింది టైలరమ్మ.

"ఏం, తప్పా?"

"తప్పయితే నేనెందుకొస్తాను. కరెక్టు. అదే అడుగుతున్నా. కాగితాల్లో జనవరి ఒకటని ఉంటుంది. ఫిబ్రవరి పంతొమ్మిదని మా ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలీదు. నాన్న ఇంట్లోంచి వెళ్లిపోయి ఇరవై రెండేళ్లయింది. ముందు పళ్లు రెండూ ఊడిపోయాక ఈల రావడం మానేసింది. మూడు నెలలు ఇంట్లోనే మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఒకరోజు చెప్పులేసుకుని వెళ్లాడు, అంతే." ఆవిడ మెడలోని టేపు వేలికి చుట్టుకుంది. "నాన్నే వచ్చి చెప్పాడా?"

కార్డులమ్మ అప్పుడే ఉన్నది ఉన్నట్టు చెప్పేయాల్సింది. నేనే వేశానమ్మా, ఖాళీగా ఉంటే వేశాను అంటే సరిపోయేది. ఆ మనిషి కళ్లు చూసి నోరు రాలేదు. నీళ్లు నమిలి, "పాత ఫైల్లో ఎక్కడో ఉండుంటుంది, చూసి చెప్తాను" అంది.

"ఫైల్లో ఉందంటే ఎవరో చెప్తేనే కదా ఉంటుంది" అంది టైలరమ్మ, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. ఆ మాటే మోసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆవిడ వెళ్లాక కార్డులమ్మ కార్డు వెలుతురుకు పెట్టి చూసింది. పైమూల పెన్సిలు చుక్క ఉంది. తాను పెట్టిందే. అయినా వేలితో తడిమి చూసింది.

ఇంట్లో అక్కయ్యతో చెప్పుకుంది. భర్త పోయిన దగ్గర్నుంచి అక్కయ్య ఈమె దగ్గరే ఉంటోంది. లెక్కల టీచరుగా చేసిన మనిషి, దయ్యాలకూ దిగుళ్లకూ లొంగే రకం కాదు.

"ముప్పై ఒక్కళ్లకి తారీఖులు వేశావు. ఒక్కటైనా తగలడానికి పన్నెండింట ఒక పాలు అవకాశం ఉంది. ఇందులో వింతేముందే?" అంది.

"తగిలింది తగిలినట్టు ఊరుకోవడం లేదక్కా. నా వెనకే వస్తోంది."

"ఏదీ?"

"ఈల."

అక్కయ్య ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

మర్నాటి నుంచి కార్డులమ్మకు ఆ పదిహేడు రికార్డులు వినడమే పనైపోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గోడ వైపు తిరిగి కూర్చునేది. వినగా వినగా పాట వినిపించడం మానేసి, ఈల మొదలయ్యే ముందు ఆయన పీల్చుకునే ఊపిరి మాత్రమే వినిపించసాగింది. అది గదిలోనే, తన భుజం వెనకే ఎవరో పీల్చినట్టు ఉండేది. వెనక్కి తిరిగితే ఇనప బీరువాలు. వరండాలో నడుస్తుంటే కూడా ఆ ఊపిరే. ఆ తర్వాత రావలసిన ఈల కోసం ఆమె ఆగి నిలబడేది. రాకపోయేసరికి వచ్చినదానికంటే ఎక్కువ భయం వేసేది.

అంతకంటే ఘోరం ఇంకొకటి జరిగింది. ఎప్పుడో ఒక బక్కపల్చటి మనిషి తన గుమ్మం దగ్గరకు వచ్చినట్టు ఆమెకు గుర్తు రాసాగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. ఏదో తారీఖు చెప్పాడు. తాను తల ఎత్తకుండా రాసుకుంది. ఇది జరిగిందా? లేక టైలరమ్మ పళ్ల సంగతి చెప్పాక తన బుర్రే అల్లిందా? ముప్పై నాలుగేళ్లు ఏ కాగితం ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలిగిన మనిషికి తన జ్ఞాపకంలో ఏది అసలో ఏది తాను వేసిన చుక్కో తెలియకుండా పోయింది. ఆమె నిజంగా బెదిరిపోయింది.

పదో రోజున టైలరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి స్టూలు మీద కూలబడింది. కార్డులమ్మ ఏమీ అనలేదు.

"మా వీధి వెడల్పు చేస్తున్నారక్కా. ఇల్లు పోతుంది. బదులుగా వేరేచోట రెండు గదులిస్తామంటున్నారు. ఇల్లు నాన్న పేరున ఉంది. ఆయన లేడని అమ్మ సంతకం పెడితే మాకిస్తారు. మార్చి నెలాఖరే గడువు. అన్నయ్య కాళ్లావేళ్లా పడి ఒప్పించాడు. పెన్ను చేతిలో పెట్టే సమయానికి మీ రేడియో మోగింది."

"పెట్టనందా?"

"'ఆయన పుట్టినరోజని రేడియోలో చెప్తుంటే, పోయాడని నేనెలా పెట్టను' అంది. వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చుంది. సగం వీధి పడగొట్టేశారు. ఆ దుమ్ములో తలుపు తీసుకుని కూర్చుంటోంది. ఫైలు దొరికిందా అక్కా? నాన్న వచ్చుంటే వచ్చాడని చెప్పండి, ఊరూరా తిరిగి వెతుక్కుంటాం. రాలేదంటే రాలేదని మీరే వచ్చి అమ్మకి చెప్పండి. నేను చెప్తే వినదు."

ఒక మనిషికి లేని పుట్టుక ఇవ్వబోయి, నలుగురికి ఉన్న నీడ తీసేశానని కార్డులమ్మకు అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడవకుండా డ్రాయరు లాగి, ఫిబ్రవరి పంతొమ్మిది కార్డు తీసి సంచిలో పెట్టుకుని, సెలవు చీటీ రాసి అటెండరు చేతికిచ్చింది. దారి పొడుగునా ఒకటే ఒట్టు పెట్టుకుంది. ఇక తెలియని సంగతి తెలిసినట్టు జన్మలో చెప్పను. ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్తాను. రేపు ఆ ముప్పై ఒక్క కార్డులూ చింపేస్తాను.

ఆ వీధి చూస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. ఇళ్లు సగానికి కోసినట్టున్నాయి. పైఅంతస్తు గోడలకు ఒకదాని పక్క ఒకటి నీలం, పసుపు, గులాబీ రంగులు ఎండకు బయటపడి ఉన్నాయి. ఒకచోట గోడకు కొట్టిన మేకుకు అద్దం ఇంకా వేలాడుతోంది. ఈలాయన ఇంటి గోడ మీద ఎర్రరంగుతో నంబరు వేశారు. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరించిన గుడ్డల మూట. తలుపుకు ఎదురుగా కుర్చీలో ఒక ముసలావిడ ఒళ్లో పళ్లెం పెట్టుకుని గుండీలు ఏరుతోంది. చూపు వీధి మీదే ఉంది. వేళ్లు మాత్రం వాటంతటవే పెద్దవి ఒక పక్కకూ చిన్నవి ఒక పక్కకూ వేస్తున్నాయి.

"అమ్మా, రేడియో నుంచి వచ్చారు" అంది టైలరమ్మ.

"రామ్మా, కూర్చో. దుమ్ము, ఏమనుకోకు."

కార్డులమ్మ కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమోనని నిలబడే గబగబా చెప్పేసింది. ఎవరూ రాలేదనీ, ఎవరూ చెప్పలేదనీ, ఆయన తారీఖు తెలియక తానే ఒకటి వేశాననీ, ఆ రోజు ఎవరిదీ కాదు కనక వేశాననీ చెప్పి, కార్డు తీసి పెన్సిలు చుక్కతో సహా చూపించి, "తప్పు నాదమ్మా. మీరు నన్నేమన్నా పడతాను" అంది.

ముసలావిడ గుండీలు ఏరడం ఆపింది. కోప్పడలేదు.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఏం తెలుసే?" అంది కూతురు.

"ఆయన చెప్పలేదని. ఎలా చెప్తాడు? ఆయనకి పుట్టినరోజే లేదు. అనాథాశ్రమంలో పెరిగిన మనిషి. పెళ్లయిన ఏడు నేనే పెట్టాను. గోడకున్న క్యాలెండరు చూసి, మా వాళ్లెవరిదీ కాకుండా ఏ రోజు ఖాళీగా ఉందా అని వెతికి, అది పెట్టాను. ఆయన ఏడిపించేవాడు. 'ఇది నాది కాదు, నువ్వు అంటగట్టింది' అనేవాడు. బయట ఎవరికీ చెప్పేవాడు కాదు, సిగ్గు. మీ దగ్గరికొచ్చి చెప్పాడంటే నేను నమ్ముతానా?"

కార్డులమ్మ కార్డు వైపూ ముసలావిడ వైపూ చూసింది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. దాదాపు యాభై ఏళ్ల ఎడంతో, ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఆడవాళ్లు ఒకే మనిషి కోసం ఒకే ఖాళీ రోజు వెతికిపెట్టారు. అక్కయ్య దీన్ని కూడా లెక్కలోనే సరిపెడుతుందేమో. ఈమె వల్ల మాత్రం కాలేదు.

"అన్నీ తెలిసి సంతకం ఎందుకు పెట్టలేదమ్మా? మమ్మల్ని ఇన్నాళ్లూ ఎందుకు ఏడిపించావు?" అంది కూతురు.

"ఆ కాగితం నువ్వు చదివావా? పుట్టిన తారీఖు దగ్గర జనవరి ఒకటి అని ఉంది. అది ఆఫీసు వాళ్లది. పోయిన తారీఖు దగ్గర 'తెలియదు' అని టైపు కొట్టించుకొచ్చాడు మీ అన్న. అలాంటి మనిషి ఒకడున్నాడని ఎవరు నమ్ముతారే? ఆయన ఈలకి పేరు లేదు. పుట్టుకకి నేను పెట్టిన దొంగ తారీఖు. పోయాడంటే దానికి కూడా గీతేనా? దాని మీద నేను సంతకం పెట్టాలా?" ముసలావిడ కళ్లు తుడుచుకుంది. "ఆ రోజు రేడియోలో ఆ అమ్మాయి ఫిబ్రవరి పంతొమ్మిది అనగానే, లోకంలో నాలాంటిది ఇంకొకతె ఉందనిపించింది. ఆవిడ వస్తుందేమోనని కూర్చున్నాను. ఆయన కోసం కాదు."

బయట ఎక్కడో గోడ కూలిన చప్పుడైంది. గుండీలు పళ్లెంలో గలగలమన్నాయి.

"ఇది కూడా నువ్వే చూడమ్మా" అంది ముసలావిడ.

"ఏదమ్మా?"

"ఆయన పోయిన రోజు. నీ దగ్గర ఖాళీ రోజులున్నాయిగా."

"అమ్మా, కాగితం మీద అలా రాస్తే ఊరుకోరే" అంది కూతురు.

"కాగితం మీద ఏమన్నా ఉండనీ. నాకు చెప్తే చాలు. నేనొక్కదాన్నే వెతికి పెట్టుకోలేకపోతున్నాను. ఒకసారి పెట్టి చూశాను కదా, రెండోది నా చేతులకి రావడం లేదు."

దారిలో పెట్టుకున్న ఒట్టు కార్డులమ్మకు గుర్తుంది. నాకు తెలియదమ్మా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ముసలావిడ మొహం ఎత్తి చూస్తోంది. ఆ చూపులో మోసపోతున్న మనిషి కనబడలేదు. అంతా తెలిసే అడుగుతోంది. కార్డులమ్మ కళ్లు మూసుకుంది. మిగిలిన ఖాళీ అరలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

"ఆగస్టు ఇరవై ఎనిమిది" అంది.

"ఆగస్టు ఇరవై ఎనిమిది" అని ముసలావిడ రెండుసార్లు అనుకుంది. మర్చిపోకూడని అడ్రసు విన్నప్పుడు అనుకున్నట్టు అనుకుంది. "ఎన్ని గంటలకి?"

"తెల్లవారుతుండగా."

"బాధపడ్డాడా?"

"లేదమ్మా. నిద్రలో."

టైలరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ముసలావిడ ముందుకు వంగి కార్డులమ్మ చెయ్యి పట్టుకుంది. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"పక్కన ఎవరన్నా ఉన్నారా తల్లీ?"

"ఉన్నారమ్మా" అంది కార్డులమ్మ. "నేనున్నాను."

ముసలావిడ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత కూతుర్ని పిలిచి పెన్ను అడిగింది.